మూడో దీవి, నాలుగు గంటలు

మార్చి 2

అమ్మ ఈరోజు ఒక కోరిక కోరింది.

అమ్మ కోరికలు కోరే మనిషి కాదు. రెడీమేడ్ బట్టల కొట్లో వెనక గదిలో కూర్చుని, కొన్నవాళ్ళ ఒంటికి సరిపోయేలా బట్టలు బిగించో వదులు చేసో ఇస్తుంది. పగలంతా పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాటలు తగ్గించుకుంది. ఇంటికొచ్చి సూదులు తీసేశాక కూడా ఆ అలవాటు పోలేదు. అలాంటిది ఈరోజు టీ తాగుతూ తాగుతూ, "ఏప్రిల్ నెలాఖరుకి మీ రిటైర్మెంటు కదా. ముగ్గురం ఓసారి ఆ దీవులకి వెళ్ళొద్దామా?" అంది.

నాన్న కప్పు కింద పెట్టాడు. "ఏ దీవులు?"

అమ్మ చేతిసంచిలోంచి ఒక రంగుల కాగితం తీసింది. ట్రావెల్ ఆఫీసు వాళ్ళది. నీలం మీద ఐదు ఆకుపచ్చ మచ్చలు, వాటిని కలుపుతూ చుక్కల గీత, గీత మీద తెల్ల ఓడ.

మూడో మచ్చ పక్కన పేరు చదివాను. చదివి గోడ గడియారం వైపు తిరిగాను, టైము చూస్తున్నట్టు.

యాదృచ్ఛికం. ఈ మాట పోయిన నెలే నేర్చుకున్నాను. ఇంత త్వరగా అక్కరకొస్తుందనుకోలేదు.

మార్చి 3

మా ఇంట్లో దేన్నీ ఊరికే తేల్చరు. నాన్న తూనికలు-కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్పై మూడేళ్ళుగా కొట్టుకొట్టుకీ తిరిగి త్రాసులు పరీక్షించిన మనిషి. "కళ్ళతో తూచకూడదు" అంటాడు. అందుకని మాకు ఏది ఎంచుకోవాలన్నా తూకం కాగితం వేయాలి. తెల్లకాగితాన్ని నిలువునా మడిచి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. రెండు వారాలు అది ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. ఎవరికి తోచింది వాళ్ళు రాయవచ్చు, నోటితో మాత్రం మాట్లాడకూడదు. ఆఖరి ఆదివారం నాన్న పైకి చదివి తేలుస్తాడు. సోఫా అలాగే కొన్నాం. నా కాలేజీ అలాగే తేలింది. పిల్లిని పెంచుకుందామన్న నా కోరిక అలాగే ఓడిపోయింది.

ఈసారి కాగితం రాసే పని నాకిచ్చాడు. "మాటల మీద పడ్డావు కదే చిట్టీ, నువ్వే వెయ్యి" అన్నాడు.

ఎడమ పక్క ఓడ. ఏడు రోజులు, ఐదు దీవులు. కుడి పక్క బస. ఏడు రోజులూ మూడో దీవిలోనే, ఎందుకంటే మిగతా నాలుగూ చిన్నవి, ఉండటానికి వసతి లేదు.

నాకు ఏదైనా ఒకటే. కాగితం వేసేవాళ్ళకు మొగ్గు ఉండకూడదు కాబట్టి ఈ సంగతి ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 5

నాకు ఏదైనా ఒకటే.

మార్చి 6

సరే. ఎవరూ చదవని చోట కూడా అబద్ధమాడటం దేనికి? అక్క ఆ దీవిలో ఉంది.

ఇల్లు వదిలి నాలుగేళ్ళయింది. అక్కడ ఏదో చిన్న హోటల్లో వంట చేస్తోంది. ఈ ఇంట్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నాలుగైదు నెలలకోసారి నా కాలేజీ అడ్రసుకి కార్డు వస్తుంది. ఇప్పటికి పదకొండు. మొదటి దానిలోనే ఒట్టు వేయించుకుంది: "ఇంట్లో చెప్పావో, ఇదే ఆఖరి కార్డు." చెప్పలేదు. కార్డు మీద ఎనిమిది వరుసలే పడతాయి. మాట మిగిలిపోతే అంచు వెంట తిప్పి తిప్పి రాస్తుంది. చదవడానికి కార్డుని చేతిలో గుండ్రంగా తిప్పాలి. ఎవరైనా చూస్తే స్టీరింగ్ పట్టుకున్నాననుకుంటారు.

"చేయి కాలింది, తగ్గింది." "ఇక్కడ గాలికి బట్టలు గంటలో ఆరిపోతాయి." "పరీక్షలు ఎలా రాశావే పిడుగా?"

పిడుగా అని పిలిచేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

మార్చి 8

ముగ్గురం ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ టికెట్లాయన ఒక బల్ల వెనక కూర్చుని, మమ్మల్ని చూడగానే ఓడ ఎక్కించేసినంత సంబరపడ్డాడు.

"క్రూజే సార్! ఇంకో ఆలోచన వద్దు. పొద్దున లేచి కిటికీ తీస్తే కొత్త ఊరు. వంట మీరు చెయ్యక్కర్లేదు మేడం, గిన్నె మీరు కడగక్కర్లేదు."

నాన్న కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఒక్కో దీవిలో ఎంతసేపు ఆగుతుంది?"

"ఒక్కోచోట ఒక్కోలా సార్. మూడోదాంట్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర."

"పన్నెండున్నర అంటే పన్నెండున్నరేనా, ఒంటిగంటా?"

"పన్నెండున్నరే సార్. మనిషి రాలేదని ఆగదు. పోయినేడు ఒకాయన భార్య టోపీ కొనుక్కుంటూ ఉండిపోయింది. ఓడ వెళ్ళిపోయింది."

"ఆయన?"

"ఆయన ఓడలోనే ఉన్నాడు సార్. హాయిగా తిరిగొచ్చాడు."

అమ్మ నవ్వింది. నాన్న నవ్వకుండా, "నాలుగు గంటలు" అని తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

నాలుగు గంటల్లో రేవు నుంచి నడిచి వెళ్ళి, హోటలు వెతికి, "ఎవరు కావాలి?" అంటే చెప్పి, అక్క బయటికొచ్చి, తను ఏడ్చి, నేను ఏడ్చి, ముక్కులు తుడుచుకునేసరికి ఎంత మిగులుతుంది? లెక్క వేశాను. గంటన్నర. అదీ వాళ్ళిద్దరికీ ఏదో సాకు చెప్పి తప్పించుకోగలిగితే.

అదే బస అయితే ఏడు రోజులు. రోజూ పొద్దున నడకకని చెప్పి వెళ్ళొచ్చు.

ఇది మొగ్గు కాదు. కూడిక.

మార్చి 11

అమ్మ కాగితం మీద రాసింది. ఎడమ పక్క, ఓడ కింద, ఒకే వాక్యం: "సామాను ఒక్కసారి విప్పితే చాలు."

ఇదా కారణం? సముద్రమంత విషయానికి పెట్టె విప్పడం ఒక కారణమా? దాని ఎదురుగా, బస కింద ఇలా రాశాను: "అలలు గుమ్మం దాకా వచ్చి పలకరించి పోతాయి. ప్రతి ఉదయం అదే దారిలో నడిస్తే ఆ దారి మనదవుతుంది." రాశాక నాలుగుసార్లు చదువుకున్నాను. బాగుంది.

మార్చి 12

'బెంగ' అనే మాట కోసం లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీశాను. దిగులు, విచారం అని ఇచ్చారు. కాదు. దిగులుకి ముఖం ఉండదు, బెంగకి ఉంటుంది. అదీకాక బెంగని 'పెట్టుకుంటాం', ముక్కుపుడక పెట్టుకున్నట్టు. తీసి పక్కన పెట్టొచ్చు కూడానేమో అనిపించేలా ఉంది ఆ మాట. ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకి అక్క లేదు.

మార్చి 15

ఆ శుక్రవారం గురించి ఎప్పుడూ రాయలేదు. రేపు కాగితం చదివే రోజు, నిద్రలేచిన దగ్గర్నుంచీ అదే గుర్తొస్తోంది. రాసేస్తాను.

అప్పుడు నాకు పదిహేను. అక్క కాలేజీ అయ్యాక సాయంత్రాలు మార్కెట్ వీధిలో ఎండు పండ్ల కొట్లో పని చేసేది. ఆ కొట్టు నడిపేది ఒక కుర్రాడు, వాళ్ళ నాన్న పోయాక చేతికొచ్చింది. అక్క మొదట్లో బాదం పలుకులు తెచ్చేది, తర్వాత్తర్వాత అతని కబుర్లు తెచ్చేది. ఆ ఆదివారం అతన్ని ఇంటికి తీసుకొచ్చి చూపిస్తానని నాతో అంది. "నాన్న ముందు నవ్వకే పిడుగా, నవ్వావంటే చంపేస్తా" అంది.

శుక్రవారం నాన్న తనిఖీకి ఆ కొట్టుకే వెళ్ళాడు. అక్క అక్కడ పని చేస్తుందని తెలుసు, మిగతాది తెలియదు. వెళ్ళేసరికి గల్లా దగ్గర ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారట. నాన్న త్రాసు చూశాడు. కిలో రాయి తక్కువ తూగింది. దొంగరాయి అని రాసి, వీధంతా చూస్తుండగా షట్టర్ దించి, తాళానికి సీసపు సీలు బిగించాడు.

"ఒక్కమాట నన్ను అడగొచ్చుగా" అంది అక్క ఇంటికొచ్చి.

"తూకంలో కూతురు ఉండదు" అన్నాడు నాన్న.

తొమ్మిదో రోజు అక్క వెళ్ళిపోయింది. ఆ కుర్రాడితో కాదు. ఒక్కతే.

ఇద్దరి తరఫునా వాదించగలను నేను. అదే నా కష్టం.

మార్చి 16

పొద్దున తొమ్మిదికి నాన్న కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పైకి చదివాడు. ఎడమ పక్క త్వరగా అయిపోయింది. కుడి పక్కకి వచ్చేసరికి నెమ్మదించాడు. 'అలలు గుమ్మం దాకా' దగ్గర ఆగి, కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు.

"ఓడ కింద ఏం రాశావు? 'చుట్టూ సముద్రం ఉంటుంది.' ఇక్కడేమో సముద్రం వచ్చి పలకరిస్తుంది. రెండూ ఒకే సముద్రం కదే?"

"భాష కోసం రాశాను నాన్నా."

"ఊఁ. ఐదు దీవుల్లో నాలుగింటి గురించి రాశావు. మూడోదాంట్లో కూడా ఓడ ఆగుతుందిగా. అది ఎడమ పక్క లేదే?"

అది మర్చిపోయాననే అనుకున్నాను ఈ రెండు వారాలూ. నిజంగా.

"తట్టలు మారుద్దాం" అన్నాడు నాన్న.

ఇది ఆయన వృత్తి పద్ధతి. త్రాసు ఒక పక్కకి మొగ్గితే అక్కడితో తీర్పు చెప్పకూడదు. ఈ తట్టలోది ఆ తట్టలోకి, ఆ తట్టలోది ఈ తట్టలోకి మార్చి మళ్ళీ చూడాలి. మొగ్గు రాయితో పాటు అవతలికి పోతే తప్పు రాయిది. రాయి మారినా ముల్లు మునుపటి వైపే మొగ్గితే తప్పు త్రాసుది, దాని కాడ ఎక్కడో వంగి ఉంది. చిన్నప్పుడు ఆటలా నేర్పాడు మా ఇద్దరికీ.

పెన్సిలుతో నా మాటలన్నీ తీసుకెళ్ళి ఓడ కింద పెట్టాడు. అలలు ఓడ దాకా వచ్చి పలకరిస్తాయి. ప్రతి ఉదయం ఒక కొత్త దారి మనదవుతుంది. బస కింద: చుట్టూ సముద్రం ఉంటుంది.

"ఇప్పుడు చెప్పు. ఏది?"

"బస" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"మాటలు మార్చినా నువ్వు అటే మొగ్గావు. అంటే మాటల్లో లేదు, నీలోనే ఉంది." కళ్ళజోడు తీశాడు. "చిట్టీ, ఎవరున్నారక్కడ?"

నేను బల్ల మీది పెన్సిలు తీసుకుని దాని ములుకు చూశాను.

"టీ చల్లారిపోతోంది" అంది అమ్మ.

నాన్న టీ తాగలేదు. కాగితం ఏమీ తేల్చకుండా మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టేసి, తన ఇత్తడి రాళ్ళ పెట్టె తెచ్చుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్కో రాయీ గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. అవి నిన్న తుడిచినవే.

మార్చి 17

ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 18

ఎవరూ ఏమీ అనలేదు. చెప్పకుండానే చెప్పేశాను. ఒట్టు తప్పినట్టా, కానట్టా? ఇంక కార్డు రాదేమో.

మార్చి 19

బూట్లు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా, నాన్న అడిగాడు. "అక్కడ చలిగా ఉంటుందా?"

"లేదు నాన్నా. గాలి ఎక్కువ. బట్టలు గంటలో ఆరిపోతాయి."

నాకెలా తెలుసని అడగలేదు. ఒక బూటు లేసు ఊడదీసి మళ్ళీ కట్టుకున్నాడు.

మార్చి 22

కాలేజీ నుంచి తిన్నగా అమ్మ కొట్టుకి వెళ్ళాను. వెనక గదిలో ఒక లావాటాయన కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అమ్మ చుట్టూ తిరుగుతూ సూదులు గుచ్చుతోంది. ఆయన వెళ్ళేదాకా స్టూలు మీద కూర్చున్నాను.

"అమ్మా, ఆ రంగుల కాగితం నీకెవరిచ్చారు?"

"అడిగి తెచ్చుకున్నా" అంది అమ్మ సూదుల మధ్య నుంచి.

"ఆ దీవులే ఎందుకు?"

అమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చింది. అన్నీ అయ్యేదాకా ఆగాను.

"నీ నిఘంటువు దులుపుతుంటే కార్డు పడింది. రెండేళ్ళయింది. మళ్ళీ అక్కడే పెట్టేశా."

రెండేళ్ళు! నేను పుస్తకాల మాటున దాచుకుంటూ, కాలేజీ బాత్రూములో చదువుకుంటూ, ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ తిరిగిన రెండేళ్ళు.

"నాన్నకి?"

"నేను చెప్పలేదు. మొన్న నీ ముఖమే చెప్పింది."

"మరైతే ఓడ ఎందుకమ్మా?" ఏడుపొచ్చేసింది. "అక్కడే ఉండొచ్చుగా. ఏడు రోజులు ఉండొచ్చుగా. పెట్టె విప్పడానికి అంత బద్ధకమా నీకు?"

అమ్మ కోపం తెచ్చుకోలేదు. ఆ లావాటాయన కోటు ఒళ్ళో పెట్టుకుని, నడుము దగ్గర గుచ్చిన సూదులు చూపించింది. "ఇన్ని సూదులు ఒక్కసారి గుచ్చితే మనిషి నిలబడడే. ఒకటి గుచ్చి, ఊపిరి పీల్చుకోనిచ్చి, ఇంకోటి. దాన్ని కన్నదాన్ని నేను. ఏడు రోజులంటే అది పారిపోతుంది. నాలుగు గంటలంటే నిలబడుతుంది."

"నీకెలా తెలుసు?"

"తెలియదు" అంది అమ్మ. "అందుకే నాలుగు గంటలు."

మార్చి 23

అమ్మది తప్పు. అక్క నన్ను చూస్తే పారిపోదు. ఉత్తరం రాశాను, ఆరు పేజీలు. అంతా చెప్పాను. ఒట్టు సంగతీ, కాగితం సంగతీ, అమ్మకి ఎప్పుడో తెలుసన్న సంగతీ. ఆఖర్న అడిగాను: "ఓడలో రావాలా, వచ్చి ఉండాలా? నువ్వే చెప్పు." తనని ఎవరూ అడగలేదు ఇంతవరకూ. ఇన్ని తూకాలు వేసి, అది మాత్రం తోచలేదు మాకు.

మార్చి 31

రాలేదు.

ఏప్రిల్ 4

కాలేజీ ఆఫీసులో గుమస్తా నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు, నేను అడక్కముందే.

నాన్నతో పనిచేసే ఇంకో ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు, రిటైర్మెంట్ కాగితాల మీద సంతకాలకి. టీ తాగుతూ నవ్వుతున్నాడు. "మీ నాన్నతో తనిఖీకి వెళ్తే ఆరోజు ఇల్లు చేరినట్టే అమ్మాయ్. నాలుగేళ్ళ నించి ఒక్కో త్రాసుకీ తట్టలు రెండేసిసార్లు మారుస్తాడు. ఒక్కసారి చాలదా అంటే వినడు." నాన్న సంతకాలు పెడుతున్నాడు, తల ఎత్తలేదు.

ఏప్రిల్ 9

రాలేదు. ఆరు పేజీలు ఎక్కువైపోయాయా? ఉత్తరంలో పోలికలు కూడా వాడాను. పోలికలు వాడకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 14

వచ్చింది.

మూడే వరుసలు. అంచు చుట్టూ ఏమీ లేదు.

"ఓడలో రండి. ఎనిమిదిన్నరకి రేవు దగ్గర ఉంటాను. ఏడు రోజులు నావల్ల కాదు."

ఏప్రిల్ 15

రోజంతా ఆ మూడో వరుస మీద కోపంగా ఉన్నాను. అక్క మీద, అమ్మ మీద, అమ్మకి అంత బాగా తెలిసినందుకు. సాయంత్రం కార్డు తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద, తూకం కాగితం పక్కన పెట్టాను. దాచుకోవడానికి ఇంక ఏముంది?

నాన్న నీళ్ళ సీసా కోసం వచ్చాడు. నిలబడి చదివాడు. మూడు వరుసలు చదవడానికి అంతసేపు పట్టదు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 16

పొద్దున లేచేసరికి తూకం కాగితం మీద, ఓడ కింద, నాన్న చేతిరాత: "చాలు."

పదింటికి వెళ్ళి టికెట్లు తీసుకొచ్చాడు.

మే 11

ఓడ. మా గదికి గుండ్రటి కిటికీ ఉంది. అమ్మ మంచం మీద కూర్చుని, ఎవరో వేరేవాళ్ళు వండిన అన్నం తిన్నానని పదిసార్లు చెప్పింది. నాన్న వంటగదిలో త్రాసు చూడొచ్చా అని అడిగితే, అలాంటివి పర్యాటకులకు చూపించం అన్నారట. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

మొదటి దీవి చూశాం. బాగుంది. ఎలా ఉందో గుర్తులేదు.

మే 12

రెండో దీవి. దిగాం, ఎక్కాం.

రేపు ఏం మాట్లాడాలో ఒక జాబితా రాసుకున్నాను. పన్నెండు సంగతులు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. నాన్న అటుగా వెళ్తూ చూసి, "కూతుర్ని బాగానే చెడగొట్టాను" అన్నాడు. నాలుగేళ్ళలో నాన్న వేసిన మొదటి జోకు ఇదేననుకుంటాను.

మే 13

మధ్యాహ్నం రెండు. డెక్ మీద కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే రాయకపోతే నాలో నేనే దీన్ని అందంగా మార్చేసుకుంటాను.

ఎనిమిదిన్నరకి అక్క రేవు దగ్గర ఉంది. తెల్ల ఏప్రన్ మీద పసుపు మరకలు. జుట్టు కత్తిరించుకుంది. చిక్కిపోయిందనుకున్నాను, కాదు, భుజాలు గట్టిపడ్డాయి. నేను పరుగెత్తుకెళ్ళి వాటేసుకుంటే ఉల్లిపాయల వాసన. పన్నెండు సంగతులూ ఎగిరిపోయాయి.

"ఏడవకే పిడుగా. ఏడిస్తే టైము పోతుంది" అంది, తను ఏడుస్తూ.

అమ్మ దాని చేయి పట్టుకుని మణికట్టు దగ్గర కాలిన మచ్చ మీద బొటనవేలితో నిమిరింది. నాన్న రెండడుగుల దూరంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఏదైనా ఆఫీసులో తన వంతు కోసం నిలబడ్డట్టు.

"రా నాన్నా" అంది అక్క. "పదిన్నరకి ముప్పై ప్లేట్లు పెట్టాలి. ఇవాళ సెలవు అడిగాను, ఇవ్వలేదు. వంటగదిలోనే కూర్చుందాం."

కాబట్టి నాలుగు గంటల్లో మూడు, ఆవిరి నిండిన ఒక ఇరుకు వంటగదిలో గడిచాయి. అమ్మ చేపలు శుభ్రం చేసింది. ఎవరో వేరేవాళ్ళు వండితే తిందామని వచ్చిన అమ్మ. నాన్న చొక్కా చేతులు మడిచి బంగాళాదుంపల తొక్క తీశాడు, ప్రతిదాన్నీ ఒకే మందంలో. నేను తలుపు దగ్గర నిలబడి అక్కనే చూస్తున్నాను.

"నిలబడి చూడ్డానికి నేనేం బొమ్మనా? ఆ గిన్నె కడుగు."

కడిగాను. దాని పక్కనే, మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడి.

పదకొండు దాటాక, ప్లేట్లు బయటికి వెళ్ళిపోయాక, నాన్న చేతిలో బంగాళాదుంప అలాగే ఉంచుకుని అన్నాడు. "ఆ రోజు నేను తట్టలు మార్చి చూడలేదు."

అక్క చేతిలో గరిటె కింద పెట్టింది.

"నువ్వు గల్లా దగ్గర నవ్వుతున్నావు. అతను నవ్వుతున్నాడు. నాకు చెప్పకుండా ఇద్దరూ... ఒంటి మీద తెలివి లేదు. ఒక్కసారి చూసి దొంగరాయి అని రాసేశా. త్రాసు ఆఫీసుకొచ్చాక మార్చి చూశా. రాయి మంచిదే. కాడ వంగింది. పాత త్రాసు. బాగు చేయించమని నోటీసు ఇస్తే సరిపోయేది. పదకొండో రోజు సీలు తీయించా. అప్పటికి నువ్వు..." ఆగాడు. "మీ అమ్మకి కూడా చెప్పలేదు. కళ్ళతో తూచానమ్మా నేను."

అమ్మ చేపల మీంచి చేయి తీసింది. అమ్మ ముఖం అలా చూడటం నాకిదే మొదటిసారి. అందులో సగం కోపం నాన్న మీద, సగం ఏమిటో తెలియదు.

అక్క పొయ్యి కట్టేసింది.

"నాకు తెలుసు" అంది. "సీలు తీశాక, నా అడ్రసు కనుక్కుని అతను ఉత్తరం రాశాడు. వస్తావా అని కూడా రాశాడు. వెళ్ళలేదు. అతని కోసం కాదు నాన్నా నేను ఆగింది. ఆ మాట నీ నోటి నుంచి ఎప్పుడొస్తుందా అని. మొదటి ఏడాది రోజూ అనుకున్నా. తర్వాత మానేశా."

"నాలుగేళ్ళు పట్టింది" అన్నాడు నాన్న.

"ఊఁ. పట్టింది."

క్షమించానని అనలేదు. నాన్న అడగలేదు కూడా. కాసేపటికి అక్క ఆయన చేతిలోంచి బంగాళాదుంప తీసుకుని, చూసి, "ఇంత మందంగా తీస్తే మా హోటలాయన నిన్ను పన్లోంచి తీసేస్తాడు" అంది. నాన్న నవ్వబోయాడు. నవ్వు సగంలో వేరేదైపోయింది. అమ్మ లేచి వెళ్ళి ఆయన వీపు మీద చేయి వేసింది, చేపల చేయి, అలాగే.

పన్నెండుకి రేవుకి నడిచాం. నేనూ అక్కా వెనక. గాలికి మాట వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి.

"నేను ఉండిపోనా? ఇవాళ్టికి. రెండు రోజులు. నేల మీద పడుకుంటా."

"వద్దు."

"నీకు అడ్డం రాను."

"మీరు వెళ్ళాక నేను ఏడవాలే. అప్పుడు ఎవరూ ఉండకూడదు."

"మరి ఎప్పుడు?"

అక్క నడుస్తూనే ఏప్రన్ ముడి బిగించుకుంది. "ఉత్తరాలు రాస్తూ ఉండు" అంది. "నేనూ ఇంక కాలేజీకి కాదు, ఇంటికే రాస్తా. రమ్మంటానో, వద్దంటానో నాకే తెలియదు. అయినా అడుగుతూ ఉండు."

"ఎన్నిసార్లు?"

"అబ్బ, లెక్క అడక్కే నాన్న కూతురా!" అని నెత్తి మీద ఒక్కటిచ్చింది. ఇంకా మండుతోంది. తగ్గకపోతే బాగుండు.

పన్నెండున్నర అంటే పన్నెండున్నరే. తాళ్ళు విప్పారు. అక్క చేయి ఊపలేదు, రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని నిలబడింది. మొదట ముఖం కనిపించకుండా పోయింది, తర్వాత చేతులు, తర్వాత ఏప్రన్. తెల్లటి చుక్క మాత్రం చాలాసేపు ఉంది. అది అక్కో, రేవు స్తంభమో తెలియకపోయినా చూస్తూనే ఉన్నాను.

అమ్మ గదిలో పడుకుంది. నాన్న ఓడ వెనక రెయిలింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు. భోజనానికి పిలిచినా రాలేదు. ఇందాక మైకులో చెప్పారు, రేపు నాలుగో దీవి అట, ఐదింటిలోకీ అదే అందమైనదట, పొద్దున ఏడుకి అందరూ తయారుగా ఉండాలట.

నేను దిగను.